మెడ మీద చెయ్యి వేయనివ్వకండి, ఎక్స్‌రే వచ్చేదాకా

కనిగిరి వైపు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. వయసు 43. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు, బడిపిల్లల యూనిఫారాలు కుడతారు. ఎనిమిది నెలలుగా నడుము నొప్పి. కూర్చుని లేచేటప్పుడు పట్టేస్తుంది. కుడి పిర్రలో మొదలై పిక్క బయటివైపుగా దిగి, ఒక్కోసారి బొటనవేలి దగ్గర తిమ్మిరెక్కుతుంది. ఒంగోలులో ఎముకల డాక్టరు ఎమ్మారై తీయించి, ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుములోని నాలుగో అయిదో వెన్నుపూసల మధ్య, డిస్కు ఉబ్బిందని, ఆపరేషన్ అక్కర్లేదని చెప్పి మాత్రలు, బెల్టు ఇచ్చారు. మాత్రలు వేసుకున్నన్నాళ్ళు బాగుంటుంది, ఆపితే మళ్ళీ మామూలే.

లండన్‌లో ఉన్న తమ్ముడు "అక్కా, నాకిక్కడ ఆస్టియోపాతే తగ్గించాడు, నువ్వూ చూపించుకో" అని ఫోన్లో పోరుతున్నాడు. ఆస్టియోపాత్ అంటే కీళ్ళకూ కండరాలకూ చేత్తో వైద్యం చేసే మనిషి. వెతికితే ఒంగోలులోనే ఆ బోర్డు కనిపించింది, వెళ్ళారు. అక్కడాయన పడుకోబెట్టి రెండు మడమలూ జతచేసి చూసి, "కుడికాలు అర అంగుళం పొట్టి. కటి ఎముక పక్కకి జరిగింది. పదిహేను సిట్టింగుల్లో సెట్ చేసేస్తా" అన్నారు. ప్యాకేజీ 18,000 రూపాయలు, అందులో 6,000 అడ్వాన్సు కట్టించుకున్నారు. మెడ కూడా బిగుసుకుపోయి, పక్కకి చూడాలంటే ఒళ్ళంతా తిప్పాల్సొస్తోందని ఈవిడ చెబితే, "అదెంత, ఒక్క తిప్పుతో వదిలిస్తా, వచ్చేసారి చూద్దాం" అన్నారట. అత్తగారేమో పుత్తూరు పోయి కట్టు కట్టించుకోమంటున్నారు. భర్తకి ఇవన్నీ దండగ ఖర్చులే. ఉత్తరం ముగిస్తూ ఆవిడ ఇంకో మాట రాశారు: "మా నాన్నకి యాభై దాటేసరికే నడుం వంగిపోయింది. మా పుట్టింట్లో అందరివీ గారపళ్ళే, మా ఊరి నీళ్ళే అంత."

ఆస్టియోపతి నిజంగా వైద్యమేనా, ఆ బోర్డు పెట్టినాయన చదువు ఎలా తెలుసుకోవాలి, కట్టిన డబ్బు సంగతేమిటి అన్నవి ఆవిడ ప్రశ్నలు.

సమాధానం:

మీరు అడక్కుండా చివర్లో రాసిన ఆ మాట మిగతా నాలుగు పేజీల కన్నా ముఖ్యం. అందుకని ఆస్టియోపతిని కాసేపు పక్కన పెట్టి, ముందు మీ ఊరి నీళ్ళ సంగతి చూద్దాం.

ఫ్లోరైడు వల్ల ఎముకలకు వచ్చే జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, మన దేశంలో వైద్యులు మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లావే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చాయి. తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడు ఉంటే పర్వాలేదని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన ప్రమాణాలు చెబుతాయి. మీ వైపు బోర్లలో అంతకు మించి ఉండడం ఎవరికీ కొత్త విషయం కాదు.

అలాంటి నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఫ్లోరైడు ఎముకల్లో పేరుకుంటుంది. అక్కడితో ఆగదు. వెన్నుపూసల్ని ఒకదానితో ఒకటి పట్టి ఉంచే లిగమెంట్లు కూడా సున్నం పట్టినట్టు గట్టిపడతాయి. వంగాల్సిన వెన్ను వంగదు, తిరగాల్సిన మెడ తిరగదు. లోపల వెన్నుపాము దిగే దారి ఇరుకవుతుంది. ఎక్స్‌రేలో ఆ ఎముకలు మామూలు కన్నా తెల్లగా, దిట్టంగా కనిపిస్తాయి గానీ నిజానికి పెళుసుగా ఉంటాయి. అలాంటి మెడను పట్టుకుని ఒక్క విసురుతో తిప్పితే విరగొచ్చు, వెన్నుపాము దెబ్బతిని కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు. మీరు చాలా విషయాల్లో మీకు తోచినట్టు చేయొచ్చు, ఈ ఒక్క దాంట్లో మాత్రం నా మాట వినండి. ఎక్స్‌రే తీసి ఒక డాక్టరు చూసేదాకా మీ మెడను ఎవరిచేతా తిప్పించుకోవద్దు. బోర్డు మీద ఆస్టియోపతి అని ఉన్నా, ఇంకేమని ఉన్నా.

గారపళ్ళు ఉన్నంత మాత్రాన ఎముకలకూ జబ్బు ఉందని కాదు. పంటి మీద ఆ గోధుమరంగు మరకలు పడేది చిన్నతనంలో, శాశ్వత దంతాలు చిగుళ్ళ లోపల తయారయ్యే ఎనిమిదేళ్ళ లోపు. అంటే ఆ వయసులో మీరు తాగిన నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువని మాత్రమే అవి చెబుతాయి. ఎముకల సంగతి వేరే చూసుకోవాలి.

దానికి ఇంట్లోనే మూడు పనులు చేసి చూడండి. ఫ్లోరోసిస్ సర్వేల్లో ఆరోగ్య సిబ్బంది చేయించేవి ఇవే. నిలబడి మోకాళ్ళు వంచకుండా నేలను తాకడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, రెండు చేతులూ ఎత్తి తల వెనక పెట్టుకోవడం. మొదటిది మీ డిస్కు నొప్పి వల్లే రాకపోవచ్చు, కాబట్టి దాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోవద్దు. బలవంతంగా వంగొద్దు కూడా. మిగతా రెండింటికీ నడుముతో సంబంధం లేదు. గడ్డం ఛాతీకి ఆనకపోయినా, చేతులు తల వెనక్కి వెళ్ళకపోయినా కారణం వెతకాల్సిందే. ఇంకో రెండు గమనించండి. సూదిలో దారం ఎక్కించడం, హుక్కులు కుట్టడం ఈమధ్య కష్టమవుతోందా? నడుస్తుంటే కాళ్ళు బిర్రబిగుసుకున్నట్టు, పాదం ఎక్కడ పడుతుందో తెలియనట్టు ఉంటోందా? ఈ రెంటిలో ఏది ఉన్నా మెడలో వెన్నుపాము నొక్కుకుంటోందేమోనని అనుమానించాలి. అప్పుడిక ఫిజియోథెరపీ కూడా తర్వాతే, ముందు ఎముకల డాక్టరుకో నరాల డాక్టరుకో చూపించుకోవాలి.

నడుము ఎమ్మారైలో మెడ కనిపించదు. అందులో రిపోర్టు రాసినవాళ్ళు చూసింది కూడా ఎక్కువగా డిస్కునే. కాబట్టి మళ్ళీ అదే డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు "మాది ఫ్లోరైడు ఊరు, మా నాన్నకి నడుం వంగింది, నాకు మెడ కూడా పట్టేసింది" అని నోరు తెరిచి చెప్పండి. పక్కనుంచి తీసిన మెడ ఎక్స్‌రే, నడుము, కటి ఎక్స్‌రేలు, వాటితోపాటు ముంజేతిది ఒకటి అడగండి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య ఉండే పొర గట్టిపడి, ఎముక అంచున ముళ్ళలా కనిపిస్తే అది ఫ్లోరోసిస్‌కి మంచి ఆనవాలు. ఎమ్మారైతో పోలిస్తే ఈ ఖర్చు చాలా తక్కువ. ప్రభుత్వాసుపత్రిలో అదీ ఉండదు.

నీళ్ళు కూడా పరీక్ష చేయించండి. శుభ్రంగా కడిగిన ప్లాస్టిక్ సీసాలో లీటరు నీళ్ళు పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ళ పరీక్ష కేంద్రంలో ఇస్తే ఫ్లోరైడు ఎంతుందో చెబుతారు. కాచి తాగుతున్నాం కదా అనుకోవద్దు. కాస్తే నీళ్ళు ఇగిరి ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుందే తప్ప పోదు. ఆర్వో నీళ్ళలో తగ్గుతుంది. కానీ తాగడానికి ఆర్వో తెచ్చుకుని, అన్నానికీ పప్పుకీ బోరునీళ్ళే పోస్తే సగం పని చేసినట్టే.

ఇప్పుడు ఆస్టియోపతికి వద్దాం.

ఇది మన నాటువైద్యం కాదు, పుత్తూరు కట్టుకీ దీనికీ చుట్టరికం లేదు. అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు 1874లో ఈ పద్ధతిని ప్రకటించి, 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో బడి పెట్టాడు. ఎముకలు, కీళ్ళు, కండరాలు సరిగ్గా కదిలితే ఒళ్ళు తనను తాను చక్కబెట్టుకుంటుందన్నది ఆయన నమ్మకం. తర్వాత ఇది దేశానికో దారి పట్టింది. అమెరికాలో డి.ఓ. పట్టా ఉన్నవాళ్ళు మన ఎంబీబీఎస్‌ల్లాగే మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. బ్రిటన్‌లో ఆస్టియోపాత్ మందులిచ్చే డాక్టరు కాదు, చేత్తో వైద్యం చేసే నిపుణుడు. అక్కడ 1993లో దీనికోసం ప్రత్యేకంగా చట్టం చేశారు. జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్ రిజిస్టరులో పేరు లేకుండా ఎవరైనా ఆస్టియోపాత్ అని చెప్పుకుంటే అది నేరం. మీ తమ్ముడు వెళ్ళిన మనిషి వెనక ఆ చట్టం ఉంది. ఆయన తప్పు చేస్తే అడిగేవాళ్ళు ఉన్నారు.

మన దగ్గర ఆ కాపలా లేదు. ఎంబీబీఎస్‌కి మెడికల్ కౌన్సిల్ ఉన్నట్టు ఆస్టియోపతికి ఇక్కడ చట్టబద్ధమైన కౌన్సిల్ ఏదీ లేదు. కాబట్టి ఫిజియోథెరపీ చదివి, ఆపైన ఏళ్ళ తరబడి ఆస్టియోపతి నేర్చుకున్నవాళ్ళూ, శని ఆదివారాల్లో హోటల్ హాల్లో నేర్చుకుని సోమవారం బోర్డు కట్టినవాళ్ళూ ఒకే పేరు రాసుకోవచ్చు. బయటి నుంచి చూస్తే రెండు బోర్డులూ ఒకటే. డి.ఓ. అన్న పొట్టి అక్షరాలను కూడా నమ్మలేం. అమెరికాలో అది పూర్తి వైద్య పట్టా, కొన్ని దేశాల్లో ఆస్టియోపతి డిప్లొమా, మన ఆసుపత్రుల్లోనైతే కంటివైద్యుల డిప్లొమాకీ అవే అక్షరాలు!

మరి కొలత ఏది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఆస్టియోపతి శిక్షణ ఎంత ఉండాలో ఒక పుస్తకంగా వేసింది. వైద్య నేపథ్యం లేనివాళ్ళకు 4,200 గంటలు, అందులో కనీసం 1,000 గంటలు పెద్దల పర్యవేక్షణలో రోగుల్ని చూడాలి. ముందే డాక్టరో ఫిజియోథెరపిస్టో అయినవాళ్ళకు ఆపైన 1,000 గంటలు. ఈ అంకెలు మీ చేతిలో ఉంటే అడగడం సులువు.

ఆయన్ని మర్యాదగానే అడగండి: "అయ్యా, మీరు అసలు చదివింది ఏమిటి? ఫిజియోథెరపీనా, ఎంబీబీఎస్సా? ఆస్టియోపతి ఎక్కడ, ఎన్ని గంటలు నేర్చుకున్నారు? అది క్లాసులో కూర్చున్నదా, ఆన్‌లైనా?" ఫిజియోథెరపీలో బీపీటీ అంటే నాలుగేళ్ళ డిగ్రీ చదువు, పైన ఇంటర్న్‌షిప్పు. ఎంపీటీ ఆర్థో అంటే ఇంకో రెండేళ్ళు. ఎంబీబీఎస్ డాక్టరునంటే ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో పేరు ఉండాలి. బ్రిటన్ రిజిస్ట్రేషన్ ఉందంటే మీ తమ్ముడికే ఆ పేరు పంపండి. అక్కడి కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు, రెండు నిమిషాల పని. నిజంగా చదువుకున్నవాళ్ళు ఈ ప్రశ్నలకు చిన్నబుచ్చుకోరు, పైగా గోడమీది సర్టిఫికెట్ చూపించి మరీ చెబుతారు. "నా మీద నమ్మకం లేకపోతే ఎందుకొచ్చారు" అన్నారంటే మీకు జవాబు దొరికినట్టే.

చదువు కన్నా బాగా పట్టిచ్చేది ఇంకోటి ఉంది, మొదటి రోజు ఆ మనిషి చేసే పరీక్ష. తెలిసిన ఆస్టియోపాత్ గానీ ఫిజియోథెరపిస్టు గానీ ముందు బాగా అడుగుతారు. నొప్పి ఎలా మొదలైంది, రాత్రి నిద్రలో లేపుతోందా, జ్వరం, బరువు తగ్గడం ఉందా, షుగరు, స్టెరాయిడ్ మాత్రలు, రక్తం పల్చబరిచే మందులు, గతంలో క్యాన్సరు, టీబీ. తర్వాత నిలబెట్టి ముందుకూ వెనక్కూ పక్కలకూ వంచి చూస్తారు. పడుకోబెట్టి కాలు చాచి పైకెత్తి నరం లాగుతోందా అని చూస్తారు. మోకాలి దగ్గర, చీలమండ దగ్గర చిన్న సుత్తితో కొడతారు. దూదితోనో సూదితోనో స్పర్శ చూస్తారు. బొటనవేలి బలం చూస్తారు. మీ ఉత్తరంలో వీటిలో ఒక్కటీ లేదు. మడమలు జతచేయడం, ప్యాకేజీ, అంతే.

ఆ అర అంగుళం సంగతి కూడా తేల్చుకుందాం. పడుకోబెట్టి మడమలు పక్కపక్కన పెట్టి చూస్తే, మీరు కాస్త వాలుగా పడుకున్నా, ఆయన ఒక కాలు కాస్త లాగినా తేడా కనిపిస్తుంది. సరిగ్గా కొలవాలంటే టేపు పట్టి, నడుము ముందు పొడుచుకొచ్చే ఎముక నుంచి చీలమండ లోపలి గుబ్బ దాకా రెండు వైపులా కొలవాలి. టేపు పట్టడం మీకొకరు నేర్పక్కర్లేదు కదా, ఇంట్లో ఎవరిచేతనైనా కొలిపించుకోండి. సెంటీమీటరు లోపు తేడా ఏ నొప్పీ లేని ఆరోగ్యవంతుల్లోనూ మామూలే. ఇక కటి ఎముక పక్కకి జరగడమంటారా, అది కారు గుద్దినప్పుడు జరిగే విషయం, మిషను కుట్టుకుంటే జరిగేది కాదు. కీలు తిప్పినప్పుడు వచ్చే "టక్" శబ్దం కూడా ఎముక తిరిగి చోటికి వచ్చిన శబ్దం కాదు. కీలు మధ్యలోని ద్రవంలో ఒక్కసారిగా గాలిబుడగ ఏర్పడితే వచ్చేది. వేళ్ళు విరుచుకుంటే వచ్చేదీ అదే.

అలాగని ఆస్టియోపతి అంతా బూటకమని కాదు. కండరాలు పిసికి వదులు చేయడం, కీలును మెల్లగా ఊపడం, రోగి చేతే కండరం బిగింపజేసి వదిలించడం లాంటివి నడుము నొప్పిలో కొందరికి ఉపశమనం ఇస్తాయి. ఎంత ఇస్తాయన్నది వేరే మాట. 2021లో ఫ్రాన్స్‌లో 400 మంది నడుము నొప్పివాళ్ళను తీసుకుని, సగం మందికి అసలైన ఆస్టియోపతి, సగం మందికి ఊరికే చెయ్యి ఆనించే ఉత్తుత్తి వైద్యం, రెండు వారాలకోసారి చొప్పున ఆరుసార్లు చేశారు. మూడు నెలలకు చూస్తే అసలైనదే కాస్త మేలుగా ఉంది గానీ, రోజువారీ పనుల్లో మనిషికి తెలిసేంత తేడా లేదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ కూడా 2016లో ఇదే ధోరణిలో చెప్పింది. చేత్తో చేసే వైద్యం వ్యాయామంతో కలిపి ఇస్తే ఇవ్వండి, అదొక్కటే వద్దు అని. నడుము బెల్టులు, బరువులు కట్టి లాగడం సిఫారసు చేయబోమని కూడా అదే కాగితంలో ఉంది.

ఎమ్మారై రిపోర్టు చూసి మీరు బాగా బెదిరినట్టున్నారు. ఏ నొప్పీ లేని నలభై ఏళ్ళవాళ్ళను వంద మందిని స్కాన్ చేస్తే దాదాపు యాభై మందిలో డిస్కు ఉబ్బు కనిపిస్తుందని 2015లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టారు. మీ విషయంలో తిమ్మిరి పిక్క బయటివైపుగా బొటనవేలికి వెళ్తోంది. అది ఎల్4-ఎల్5 దగ్గర నొక్కుకునే నరం దారే. కాబట్టి ఆ ఉబ్బుకు మీ నొప్పితో సంబంధం ఉండొచ్చు. అయినా ఇలాంటివి చాలావరకు నెలల్లో వాటంతటవే సర్దుకుంటాయి. మీరు వారానికోసారి చూసుకోవాల్సింది బలం. కుర్చీలో కూర్చుని, పాదం నేలకు ఆనించి, బొటనవేలు ఒక్కటే పైకి లేపండి. మీవారిని ఒక వేలితో దాన్ని కిందికి నొక్కమనండి. రెండు కాళ్ళకూ చేసి పోల్చండి. తర్వాత మడమల మీద పది అడుగులు నడవండి. కుడివైపు బలం వారం వారం తగ్గుతుంటే ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఒంటికి వెళ్ళడం ఆగిపోయినా, తెలియకుండా జారిపోయినా, కూర్చునే చోట, తొడల మధ్య మొద్దుబారినా అది అర్ధరాత్రయినా సరే, అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సిన విషయం.

ఎక్స్‌రేలు తీసి, ఫ్లోరోసిస్ లేదని తేలిందనుకుందాం. అప్పుడు మీ ముందు కొన్ని దారులున్నాయి.

మళ్ళీ ఆ బోర్డు దగ్గరికే వెళ్ళొచ్చు. పై ప్రశ్నలకు సరైన జవాబులొచ్చి, పరీక్ష సరిగ్గా చేసి, వ్యాయామాలు నేర్పి, మెడ జోలికి పోనంటే నడుము వరకు మూడు నాలుగు సిట్టింగులు చూడటంలో తప్పు లేదు. నాలుగుసార్లకు ఏ మార్పూ లేకపోతే పదిహేనుకు వస్తుందని ఆశపడకండి. చేసిన మర్నాడు ఒళ్ళు నొప్పులు మామూలే, రెండ్రోజుల్లో పోతాయి. తిమ్మిరి పెరిగినా, కాలు బలం తగ్గినా అక్కడితో ఆపేయాలి. ఇబ్బంది ఏమిటంటే, కనిగిరి నుంచి ఒంగోలుకు బస్సులో పోనూ రానూ కుదుపులే నాలుగు గంటలు. సిట్టింగులో వచ్చిన సుఖం తిరుగు ప్రయాణంలో పోతుంది.

రెండోది ఫిజియోథెరపిస్టు దారి. ఆస్టియోపాత్‌లు చేసే పనుల్లో చాలా భాగం ఈరోజు ఫిజియోథెరపీ గదుల్లో జరుగుతున్నవే. కండరం బిగించి వదిలించే పద్ధతి అసలు ఆస్టియోపాత్‌ల దగ్గర పుట్టి ఫిజియోథెరపీలోకి వచ్చింది. ఎంపీటీ ఆర్థో చదివినవాళ్ళను "మాన్యువల్ థెరపీ చేస్తారా, మెషీన్లు పెట్టి పంపిస్తారా?" అని అడగండి. కరెంటు పెట్టి, వేడి పెట్టి, ఇరవై నిమిషాలకు పంపించేస్తే ఆ డబ్బుకి వేడినీళ్ళ సంచి చాలు. ఒంగోలులో జనం ఇప్పటికీ రిమ్స్ అనే పిలిచే సర్వజన ఆసుపత్రిలో, నెల్లూరు పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకుంటే ఎముకల డాక్టరు, ఎక్స్‌రే, ఫిజియోథెరపీ ఒకే ఆవరణలో దొరుకుతాయి. రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్ళాలి, సగం రోజు పోతుంది. మీవారి ఖర్చుల గొడవకు ఇంతకన్నా మంచి జవాబు నాకు తోచడం లేదు. నన్నడిగితే మొదట ఇదే చూడమంటాను.

మూడోది, నిజంగా ఆస్టియోపతి చదివినవాళ్ళను వెతుక్కుంటూ చెన్నైకో, బెంగళూరుకో, హైదరాబాదుకో పోవడం. తమ్ముడు డబ్బు పంపుతానన్నా నేను తొందరపడను. ఫ్రాన్స్ లెక్క చూశారుగా, వచ్చే అదనపు మేలు అంత దూరం వెళ్ళాల్సినంత కాదు. వెళ్ళాలనే ఉంటే ఒక్కసారి వెళ్ళి, పరీక్ష చేయించుకుని, వ్యాయామాలు రాయించుకుని రండి.

అత్తగారి పుత్తూరు మాట. విరిగిన ఎముకకు కట్టు కట్టడంలో ఆ ఊరికి పేరుంది. మీకు విరిగిందేమీ లేదు. నరం నొక్కుకోవడానికి కట్టు ఏమీ చేయలేదు. ఆవిడతో వాదన పెట్టుకోకుండా "ఎముక విరగలేదని ఫొటోలో వచ్చిందత్తా" అంటే సరిపోతుంది.

ఏ దారిలో వెళ్ళినా మీ మిషను దగ్గర మారాల్సినవి మారకపోతే నొప్పి తిరిగొస్తుంది. బట్ట నేలమీద పరిచి వంగి కత్తిరించడం మొదట మానండి. నడుము ఎత్తు బల్ల మీద నిలబడి కత్తిరించండి. స్టూలు ఎత్తు తుంటి మోకాలి కన్నా కాస్త పైన ఉండేలా చూసుకోండి, చాలకపోతే మడిచిన దుప్పటి వేసుకోండి. కాలిమిషను అయితే కుడికాలే ముందుకు చాచి తొక్కుతున్నారేమో చూడండి. అలా తొక్కితే నడుము రోజంతా ఒక పక్కకే వాలి ఉంటుంది. మోటారు బిగిస్తే ఆ బాధ పోతుంది. బాబిన్ దారం అయిపోయినప్పుడల్లా లేచి నిలబడి, చేతులు నడుముకు ఆనించి అయిదారుసార్లు వెనక్కి వంగండి.

నడక పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు మొదలుపెట్టి, నాలుగు రోజులకోసారి రెండేసి నిమిషాలు పెంచుతూ ముప్పై దాకా వెళ్ళండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిర్రలు పైకెత్తి అయిదు లెక్కపెట్టి దించడం పదిసార్లు. చేతులూ మోకాళ్ళూ నేలకానించి, కుడిచెయ్యి ఎడమకాలు, ఎడమచెయ్యి కుడికాలు మార్చి మార్చి చాచడం పదేసిసార్లు. బోర్లా పడుకుని మోచేతుల మీద లేవడం రెండు నిమిషాలు. ఇందులో ఒక గుర్తు పెట్టుకోండి. ఏదైనా చేసినప్పుడు కాలిలో నొప్పి పైకి, నడుము వైపు ముడుచుకుంటే, నడుములో కాస్త పెరిగినా సరే, అది మీకు పనికొచ్చే వ్యాయామం. నొప్పి కిందికి, పాదం వైపు పాకితే దాన్ని ఆపేయండి. ఫ్లోరోసిస్ ఉందని తేలితే ఈ పట్టీ మొత్తం డాక్టరుకు చూపించి ఏది ఉంచాలో ఏది తీసేయాలో అడగండి. నడక మాత్రం దాదాపు ఎవరికైనా ఉంచుతారు.

ఇక ఆరు వేలు. మీకు ఇచ్చింది రసీదా, విజిటింగ్ కార్డు వెనక రాసిన అంకెలా అన్నది మీరు రాయలేదు. ఫోన్‌పే చేసి ఉంటే ఆ రికార్డు చాలు. ముందు వాట్సాప్‌లో మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి: "డాక్టరు సలహా మీద వైద్యం ఆపుతున్నాను, జరిగిన సిట్టింగు ఖర్చు మినహాయించి మిగతాది తిరిగి ఇవ్వగలరు" అని. ఫోన్లో మాట్లాడితే రేపు ఆధారం ఉండదు. ఇవ్వనంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బేమీ కట్టక్కర్లేదు. దానికీ కదలకపోతే ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఆరు వేల కోసం అంతదూరం తిరగాలా అంటారా, అది మీ ఇష్టం. ఒక్కోసారి 1915లో ఫిర్యాదు నమోదైందని తెలిస్తేనే సగమైనా చేతికి రావొచ్చు. ఆ మెసేజ్ మాత్రం ఈ వారమే పెట్టండి. రెండో సిట్టింగుకి రమ్మని వాళ్ళు ఫోన్ చేసేలోపే.